అదే బొగ్గు

కార్ఖానా గేటు బయట పారబోసిన బొగ్గు కుప్ప ముందు కమ్మరి గోనెసంచి పట్టుకుని నిలబడ్డాడు. మొన్నటిదాకా అది కొలిమి షాపు బొగ్గు. ఇప్పుడు పనికిరాని బొగ్గు. కావలసినవాళ్ళు పట్టుకుపోవచ్చని గేటు రేకు మీద సుద్దతో రాశారు. బొగ్గుకు ఈ సంగతేమీ తెలిసినట్టు లేదు. మొన్న ఎంత నల్లగా ఉందో ఈవేళా అంత నల్లగానే ఉంది. పరువు పోయినా మొహం మాడకపోవడం బొగ్గుకున్న సౌలభ్యం. ముందే మాడి ఉంటుంది గనక.

"నీళ్ళు కాచుకోడానికా?" అన్నాడు గేటు కాపలావాడు.

"ఊఁ."

"గంధకం ఉందట, చూసుకో. స్నానం చేశాక మళ్ళీ స్నానం చెయ్యాల్సొస్తుంది."

కమ్మరి నవ్వలేదు. నవ్వకూడదని కాదు. ఈమధ్య అతనికి నవ్వు, ఆకలి, చలి అన్నీ పక్కింటికి వచ్చిన చుట్టాల్లా ఉంటున్నాయి. వచ్చినట్టు తెలుస్తోంది గానీ, తన గుమ్మం తొక్కడం లేదు. వంగి ఒక్కో గడ్డా ఏరి సంచిలో వేశాడు. పసుపు చారలున్న గడ్డలు ఎక్కడున్నా వెతికి మరీ వేశాడు.

కాపలావాడు నోరు తెరిచాడు. "మంచివి వదిలేసి చెడ్డవి ఏరుకుంటున్నావేంటయ్యా? నీకు పిల్లనెవరిచ్చారు?"

పిల్లనిచ్చినవాళ్ళ పిల్లవాడు ఇంట్లో కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. కమ్మరి భార్యకు అన్నగారు, కార్ఖానాలో కమ్మరికి సమ్మెట జోడీ. వీళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. షాపులో మాత్రం అందరూ అతన్ని సుత్తిబావ అంటారు. కొట్టేది సమ్మెట, అది చేత్తో. సుత్తి నోటితో. పెళ్ళి కాలేదు. చూసిన ప్రతి సంబంధం వాళ్ళ ముందూ ఏదో ఒక మాట విరిచి చమత్కరించేవాడు, వాళ్ళు పళ్ళెంలో పెట్టింది తినకుండానే లేచిపోయేవాళ్ళు. అన్నేళ్ళు మాటలు విరిచినవాడికి చివరికి కాలు విరిగింది.

సంచి పెరట్లో దించేసరికి కిటికీలోంచి కేక వినిపించింది.

"ఏం బావా! నా కాలు విరగ్గొట్టిన బొగ్గుని తెచ్చి నా కాళ్ళ దగ్గరే పడేస్తావా? ఇంకో కాలుందని గుర్తొచ్చిందా?"

"కొలిమి పెడతాను."

"ఇంట్లోనా? కలిమి లేని ఇంట్లో కొలిమేంటి బావా? కార్ఖానాలో ఉన్నది చాల్లేదా?"

"మూశారు కదా."

అది నిజమే. బరువులెత్తే హాయిస్టు గొలుసు తెగి బరువు సుత్తిబావ కాలి మీద పడ్డాక, గొలుసులన్నీ పరీక్ష చేయించేదాకా షాపు మూసేశారు. తెగింది కమ్మరి చేసిన లింకు. పాత గొలుసులో అరిగిన లింకు తీసి అతను కొత్తది వేశాడు. సరిగ్గా అతుకు దగ్గరే అది నోరు తెరిచింది. విచారణ ఆఫీసరు ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని, ఏమయ్యుంటుందయ్యా అని సుత్తిబావని అడిగాడు. "బొగ్గండీ," అన్నాడు సుత్తిబావ, ఆలోచించడానికి ఆగకుండా. "బొగ్గులో గంధకం. గంధకం తిన్న ఇనుము ఎర్రగా ఉండగానే పెళుసెక్కుతుంది. మా బావ చెయ్యి బంగారమండీ." బొగ్గు షెడ్డుకెళ్ళి చూస్తే మూల నిజంగానే పసుపు చారల గడ్డలు కుప్పగా ఉన్నాయి. బొగ్గు ఏరే ముసలాయన్ని, షాపంతా బాబాయి అని పిలిచే మనిషిని, మర్నాడు ఇంటికి పంపేశారు. కమ్మరి భుజం తట్టి, నీ తప్పేం లేదు పొమ్మన్నారు. తట్టిన చెయ్యి కనిపించింది గానీ, తట్టింది తన భుజమేనని అతనికి నమ్మకం కుదరలేదు.

అప్పట్నుంచీ ఒకటే ఆలోచన. అదే బొగ్గు, అదే లావు ఊచ, అలాంటి లింకే. అతుకు విడిపోతే తప్పు బొగ్గుది. బాబాయి పని బాబాయి సరిగ్గా చెయ్యలేదని తేలుతుంది, కంచం ముందు కూర్చుంటే అన్నం రుచి తెలుస్తుంది. విడిపోకపోతే...

అక్కడికొచ్చేసరికి ఆలోచన ఆగిపోయేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పాతసామాన్ల కొట్టువాడు లారీ బ్రేకు డ్రమ్ము ఒకటి దొర్లించుకొచ్చి, దానికి తోడు వెండిలా మెరిసే గొట్టం చూపించాడు. కమ్మరి మేకుతో గీసి చూశాడు. పైన జింకు పూత. నిప్పు తగిలితే ఆ పూత పొగై మనిషిని జ్వరంతో మూలుగుతూ పడుకోబెడుతుంది. దాన్ని పక్కన పెట్టి తుప్పు పట్టిన నల్లగొట్టం తీసుకున్నాడు. చేత్తో తిప్పితే గాలి కొట్టే బ్లోయరొకటి గోడవార పడి ఉంది. మూత విప్పితే రెక్కల మధ్య పిచ్చుక గూడు. గూడు ఖాళీయే. అయినా పగలకుండా తీసి కొట్టు గోడ మీద పెట్టాడు.

పెరట్లో భార్య పాత కుట్టుమిషను కాళ్ళుంటే డ్రమ్ముని వాటి మీద బిగించాడు. డ్రమ్ము అడుగున గొట్టం, గొట్టం పక్కకు చీలినచోట బ్లోయరు, కిందికి దిగినచోట బూడిద రాలడానికి మూత. ఆకురాయితో అంచు నున్నగా చేశాడు, ఎవరూ అడక్కపోయినా. బంకమట్టిలో ఇసుక, జల్లించిన బూడిద కలిపి కాలితో తొక్కి, చేత్తో పిసికి, డ్రమ్ము లోపల పళ్ళెంలా మెత్తాడు. మధ్యలో గుంట. బొటనవేలితో నొక్కుకుంటూ చుట్టూ తిరిగాడు. వేలిముద్రలు వరసగా పడ్డాయి. తడి చల్లగా ఉండాలి. ఉందో లేదో అతనికి తెలియలేదు.

భార్య ఆస్పత్రి వాళ్ళ తెల్లకోట్లు కుడుతుంది. మిషను దగ్గర్నుంచి లేచి గుమ్మంలోకి వచ్చింది. ఆయన చేతులు కదులుతున్నాయన్న సంతోషం ఒకవైపు, కోట్ల భయం ఒకవైపు.

"కర్రబొగ్గు తెచ్చుకోకూడదటండీ? పొగ రాదు. ఆ రాతిబొగ్గు మసి కోట్ల మీద పడిందంటే, డాక్టర్లు ఆస్పత్రిలోంచి వచ్చారో గనిలోంచి వచ్చారో తెలీదు."

ఆవిడ అన్నది తప్పు కాదు. కత్తో కొడవలో చెయ్యాలంటే అతనూ కర్రబొగ్గే ఎంచుకునేవాడు. శుభ్రమైన మంట, గంధకం లేదు. కాకపోతే చప్పున కాలిపోతుంది, చిటపటలాడి నిప్పురవ్వలు ఎగరేస్తుంది, సంచుల కొద్దీ తింటుంది. రాతిబొగ్గు మొదట్లో పొగతో ఏడిపించినా, పొగ వదిలాక గుల్లగా కట్టుకుని గుహలా వేడిని పట్టి ఉంచుతుంది. మంచి బొగ్గయితే.

"ఇదే కావాలి," అన్నాడు.

"పోనీ గ్యాసు?" కిటికీలోంచి సుత్తిబావ సలహా. "తిప్పితే వెలుగుతుంది, తిప్పితే ఆరుతుంది. ఆఫీసర్ల బుద్ధిలాగ."

"ఇదే కావాలి బావా."

"చూశావా చెల్లీ? చెడ్డ పేరొచ్చిన బొగ్గుని ఇంట్లో పెట్టుకున్నాడు. జాలిగుండె. నాకేమో ఒక దిండు ఎక్కువ అడిగితే ఇవ్వడు."

రైలుపట్టా ముక్క ఒకటి తెచ్చి చెట్టు మొద్దు మీద మేకులతో బిగిస్తుంటే సుత్తిబావ మంచం మీద లేచి కూర్చున్నాడు. "చెల్లీ, త్వరగా రా! మీ ఆయనకి చివరికి పట్టా వచ్చింది! ఇక పట్టభద్రుడే!"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కమ్మరి మేకు కొడుతూనే ఉన్నాడు. మేకు లోపలికి దిగిపోయాక కూడా ఇంకో రెండు దెబ్బలు వేశాడు.

మట్టి నీడలో ఆరింది. నెర్రెలు విచ్చినచోట పల్చటి మట్టినీళ్ళు పూసి, చితుకులతో చిన్న మంట పెట్టి, మెల్లగా కాచాడు. తొందరపడితే తడి లోపల ఆవిరై మట్టి పెచ్చులుగా ఎగిరిపోతుంది.

బొగ్గు కొట్టడానికి కూర్చున్న పూట ఎండ బాగా కాసింది. గడ్డలన్నీ నిమ్మకాయంత చేస్తూ, పసుపు చారలవి ఒక పక్కకి వేశాడు. కాసేపటికి అతని చెయ్యి ఆగింది. పక్కన పడ్డవి గుప్పెడు. తను గేటు దగ్గర వెతికి వెతికి వేసినవే అవి. మిగతా సంచి అంతా శుభ్రంగా ఉంది. ఒక రాయి లేదు, ఒక పలక లేదు. ఎవరో ఒక్కో గడ్డా తిప్పి చూసి వేసిన బొగ్గు అది.

షెడ్డు మూల ఆఫీసరు చూసిన కుప్ప ఏమిటో అప్పుడు అర్థమైంది. అది కొలిమికి వెళ్ళే బొగ్గు కాదు. కొలిమికి వెళ్ళకూడదని బాబాయి ఏరి అవతల పారేసిన బొగ్గు. ఆయన పని చేశాడనడానికి ఉన్న సాక్ష్యాన్నే, చెయ్యలేదనడానికి చూపించారు.

కమ్మరి కొంచెంసేపు ఆ గుప్పెడు గడ్డల వంక చూశాడు. తర్వాత సుత్తి ఎత్తి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.

సుత్తిబావని కుర్చీతో సహా మోసుకొచ్చి బ్లోయరు పక్కన కూర్చోబెట్టారు భార్యాభర్తలు. కట్టు కాలు పీట మీద, చెయ్యి పిడి మీద.

"నోరూ చెయ్యీ ఖాళీగా లేకుండా చేశారు. నోటికి జీతం లేదనుకోండి."

కోట్లన్నీ భార్య లోపలికి తీసుకెళ్ళి తలుపులు వేసుకుంది. ముందు పచ్చటి పొగ లేచింది. సుత్తిబావ దగ్గాడు, తిట్టాడు, తిప్పాడు. పొగ పల్చబడి, మంట శుభ్రపడి, గుంట నడుమ నిప్పు తెల్లగా కట్టుకుంది. కమ్మరి ఊచని ఎర్రగా కాల్చి వంచాడు. కొసలు పల్చగా సాగగొట్టి ఒకదాని మీదికి ఒకటి తెచ్చాడు. మళ్ళీ నిప్పులో పెట్టాడు. అతుకు పట్టడానికి వెలిగారం చల్లాడు. అది బుసబుసమని పొంగి గాజులా కరిగింది. ఇనుము ఎరుపు దాటి, పసుపు దాటి, తెలుపుకి వచ్చి, ఒకటీ అరా రవ్వలు విదిలించింది. అప్పుడు తీశాడు. తీసింది తీసినట్టే పట్టా మీద పెట్టి టకటకా కొట్టాడు.

చల్లారాక లింకుని మొద్దు మీద నిలబెట్టి, కన్నంలో కోసుగా ఉన్న ఇనుప చీల పెట్టి, పెద్దసుత్తితో దించాడు. లింకు సాగింది. పొడుగ్గా, సన్నగా, పీక నొక్కినట్టు సాగింది. చివరికి అతుకుకి ఎదురువైపున తెగింది. అతుకు చెక్కు చెదరలేదు.

"సెభాష్!" అన్నాడు సుత్తిబావ. "చెప్పానా, చెయ్యి బంగారమని!"

కమ్మరి పసుపు చారల గడ్డలు గుప్పిట్లోకి తీసుకుని, సరిగ్గా నిప్పు గుండెలో వేశాడు.

"అదేంటి బావా? విషం తాగినవాడికి ఇంకో చెంచా పోస్తున్నావ్!"

"తిప్పు."

గంధకం వాసన కళ్ళలోకి వచ్చింది. ఇంకో లింకు. అదే తెలుపు, అవే రవ్వలు, ఆగకుండా దెబ్బలు. ఈసారి అతుకు కాస్త గరుకుగా వచ్చింది. చీల దించితే అంచు పొడవునా వెంట్రుకంత నెర్రె కనబడింది. అయినా విడిపోలేదు. తెగింది మళ్ళీ అవతలే.

సుత్తిబావ చెయ్యి పిడి మీద నెమ్మదించింది.  కమ్మరి మూడో ఊచ వంచి నిప్పులో పెట్టాడు.

"బావా, ఆ రోజు ఏం చెప్పావు?"

"ఏ రోజు?"

"హాయిస్టు లింకు అతికిన రోజు. నేను లింకు బయటికి తీసి పట్టుకున్నప్పుడు."

"సవాలక్ష చెప్తాను. గుర్తుంటాయా?"

"గుర్తుంది నీకు."

సుత్తిబావ నిప్పు వంక చూశాడు. "మేస్త్రీ మీద చెప్పింది."

"అది చెప్పు."

"ఇప్పుడా?"

"నేను తీయగానే. అలాగే చెప్పు. ఆగినచోట ఆగు."

తెల్లటి ఇనుము పట్టకారుతో బయటికి వచ్చింది. రవ్వలు రాలుతున్నాయి. సుత్తిబావ గొంతు సవరించుకున్నాడు. ఎదుటివాళ్ళు నవ్వుతారని తెలిసినప్పుడు మాత్రమే అతనికి ఆ అలవాటు. ఈసారి ఎందుకు సవరించుకున్నాడో.

"మన మేస్త్రీ మొహం ఎప్పుడూ అలా ఎందుకుంటుందో తెలుసా బావా?"

ఆగాడు.

"ఎందుకూ?" అన్నాడు కమ్మరి. ఆ రోజు అన్నట్టే.

"పాపం, ఇంట్లో గారం లేదు."

ఆగాడు. ఆ రోజు ఇక్కడ వేలెత్తి వెలిగారం డబ్బా చూపించాడు. ఈవేళా చూపించాడు.

"ఉన్నదంతా... వెలిగారమే."

ఆ రోజు కమ్మరి తల వెనక్కి వేసి నవ్వాడు. ఈవేళ నవ్వలేదు. నవ్వు పట్టేంతసేపు ఆగాడు. అప్పటికి లింకు తెలుపు పోయి పసుపుకి దిగింది. ఆ వేడికి అతుకు లోపల కలవదు, ఏ కమ్మరైనా దాన్ని మళ్ళీ నిప్పులో పెడతాడు. ఆ రోజు హాయిస్టు కోసం పైనుంచి ఈలలు వేస్తుంటే అతను పెట్టలేదు. ఈవేళా పెట్టలేదు. పట్టా మీద పెట్టి కొట్టాడు. టకటకా, గట్టిగా, బాగా. అతుకు మూసుకుంది. చూడ్డానికి మూడిట్లోనూ అదే అందంగా వచ్చింది.

చీల పెట్టి సుత్తి ఎత్తాడు. రెండో దెబ్బకే అతుకు నోరు తెరిచింది. లోపల రెండు పెదాలూ బూడిదరంగులో నున్నగా, ఒకదానికొకటి పరిచయమే లేనట్టు ఉన్నాయి.

బ్లోయరు ఇంకా తిరుగుతోంది. తర్వాత ఆగింది.

"బావా," అన్నాడు సుత్తిబావ. "నేను అబద్ధం చెప్పలేదు. నిజమనుకునే చెప్పాను."

"తెలుసు."

"నిన్ను అంటారని... ముందు నోటికొచ్చింది బొగ్గు."

కమ్మరి నిప్పు మీద మూత వేశాడు.

బాబాయి ఇల్లు రెండు వీధుల అవతల. గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని ఎవరిదో గొడుగు ఊచలు సరిచేస్తున్నాడు. గోళ్ళ కింద నలుపు ఇంకా పోలేదు. కమ్మరిని చూసి జరిగి చోటిచ్చాడు. కమ్మరి కూర్చోలేదు.

"బాబాయ్, ఇంట్లో కొలిమి పెట్టాను. ఆ బొగ్గుతోనే అతికి చూశాను. బొగ్గు మంచిదే."

బాబాయి గొడుగు తెరిచాడు. ఒక రెక్క పడిపోయింది. మళ్ళీ మూశాడు.

"నాకెందుకురా చెప్పడం? నాకు తెలుసుగా," అన్నాడు. కోపంగా కాదు. దారి తప్పి వచ్చినవాడికి దారి చెప్పినట్టు. "తెలీనివాళ్ళకి చెప్పు."

"చెప్తాను."

"ఆ తీగ ముక్క ఇటివ్వు."

కమ్మరి వంగి తీగ అందించాడు.  బాబాయి తీగని కన్నంలోకి దూర్చడంలో మునిగిపోయాడు.

ఇంటికొచ్చేసరికి అన్న చెల్లెలికి అంతా చెప్పేసినట్టున్నాడు. ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది గానీ, సూది కింద గుడ్డ లేదు.

"ఉద్యోగం పోతుందేమోనండీ," అంది.

"పోవచ్చు."

"బాబాయి చూడండి, బంగారంలాంటి మనిషి, మళ్ళీ పిలవకపోతారా ఎవరైనా... మీరు చెప్పకపోయినా..." అని తనే సగంలో ఆపేసింది. కోటు ఒకటి తీసి సూది కింద పెట్టింది. చేతి అంచు దాకా కుట్టి, దారం పళ్ళతో తెంపింది. "షాపు రేపే కదా తెరుస్తారు? అన్నయ్య అంత దూరం నడవలేడు. బండి మాట్లాడండి."

"బావ ఎందుకు?"

"బొగ్గన్నది నేను కదా," అన్నాడు మంచం మీంచి సుత్తిబావ. ఆ మాటకి తోకేమీ తగిలించలేదు.

తెల్లవారి గేటు ముందు అందరూ గుంపుగా నిలబడి ఉన్నారు. బొగ్గు కుప్ప దాదాపు ఖాళీ అయింది. బండి ఆగగానే చంకకర్రలు ముందు దిగాయి, తర్వాత కట్టు కాలు, తర్వాత సుత్తిబావ. ఒక్కసారిగా కేకలు లేచాయి.

"సుత్తి వచ్చాడ్రోయ్!"

"ఏం బావా, కాలు తీసి ఎవరి నెత్తిన పెట్టావ్?"

మేస్త్రీ తాళాలగుత్తి పట్టుకుని గుంపులోంచి వచ్చాడు. ఆయన మొహమే వెలుగుతోంది. "రావయ్యా! నువ్వు లేక షాపు మూశాం గానీ, గొలుసు తెగి కాదు. ఏదీ, ఇన్నాళ్ళు మంచం మీద దాచుకున్నది ఒకటి వదులు."

గుంపు దగ్గరికి జరిగింది. సుత్తిబావ గొంతు సవరించుకోలేదు.

"మేస్త్రీ, ఆ బొగ్గు మంచిదే."

అందరూ ఆగారు. మంచిదే అంటే ఏ మంచి, ఏ దే, ఎక్కడ విరుస్తాడు, ఏ ముక్క తిరగేస్తాడు అని మొహాలు ముందుకు చాపి, నవ్వులు పళ్ళ దాకా తెచ్చుకుని నిలబడ్డారు. వెనక ఒకడు తనకి ముందే అర్థమైపోయిందన్నట్టు గట్టిగా నవ్వేశాడు. తోడెవరూ రాకపోయేసరికి ఆపేశాడు.

"ఊఁ. తర్వాత?" అన్నాడు మేస్త్రీ.

"తర్వాతేం లేదు. మంచిదే. నేను చూడకుండా చెప్పాను. బాబాయి ఏరి పారేసిన కుప్పని చూపించి ఆయన్ని పంపేశారు."

మేస్త్రీ నవ్వు మొహం మీద మిగిలిపోయింది, ఎక్కడ పెట్టాలో తెలియని సామానులా. తాళాలగుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఈ సంగతి తర్వాత మాట్లాడదాం," అన్నాడు, గొంతు తగ్గించి. "విచారణ అయిపోయింది. మీ బావకే మంచిదయింది. ఎందుకిప్పుడు?"

కమ్మరి గేటు దాకా నడిచాడు. ఆసరా కోసం దాని ఊచ పట్టుకున్నాడు. షాపులో అతని గొంతు పెద్దగా విన్నవాళ్ళు తక్కువ. ఆ తక్కువలో అతను కూడా ఒకడు.

"అతుకు నాది మేస్త్రీ. లింకు చల్లారింది. మళ్ళీ నిప్పులో పెట్టాల్సింది."

"అది... పనిలో ఒక్కోసారి చూసుకోం..."

"చూసుకున్నాను," అన్నాడు కమ్మరి. "పసుపు రంగు చూశాను. చూసే కొట్టాను."

 సుత్తిబావ అతని వంక చూశాడు. ఆ సంగతి అతనికి కూడా ఇప్పుడే తెలిసింది.

మేస్త్రీ చాలాసేపు తాళంచెవుల్లోకి చూసి, ఒకటి ఎంచుకుని, "ఆఫీసులోకి రా," అన్నాడు. తాళం తీశాడు. గేటు కిర్రుమంటూ తెరుచుకుంటుంటే, పట్టుకున్న ఊచతో పాటు కమ్మరి చెయ్యి కూడా కదిలింది. రాత్రంతా మంచులో తడిసిన ఇనుము. చల్లగా ఉంది. వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంది. అతను చెయ్యి తీసి, చొక్కాకి రుద్దుకుని, లోపలికి నడిచాడు.